గొలుసుతో మొదలైన గిండీ

చెన్నైలోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీ జ్ఞాపకాలు రాసేవాళ్లంతా ఎర్ర భవనం దగ్గర మొదలెడతారు. తప్పేం లేదు, సర్దార్ పటేల్ రోడ్డు మీంచి లోపలికి తిరిగిన వాళ్ల కళ్లకి నిండుగా ఆనేది అదే. కానీ కాలేజీ అక్కడికి వచ్చింది 1920లో. అంతకుముందు చేపాక్‌లో ఉండేది, ఇంకా వెనక్కి వెళ్తే సెయింట్ జార్జి కోట దగ్గర. భవనానికి నూటచిల్లర ఏళ్లయితే కాలేజీకి 230 దాటాయి. ఎర్ర ఇటుకలు చూసి ఇదేదో ఇరవయ్యో శతాబ్దపు కట్టడం అనుకుంటే సగం కథ బయటే ఉండిపోతుంది.

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో, టి.నగర్‌లోనూ మైలాపూర్‌లోనూ పాత ఇళ్లల్లో, "మా తాతగారు గిండీ ఇంజనీరండీ" అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తాతగారు ఏలూరు కాలవల మీదో, తుంగభద్ర డ్యాము మీదో పనిచేసి ఉంటారు. మద్రాసులో చదివి తెలుగు జిల్లాలకి వెళ్లినవాళ్లు వాళ్లు. అసలు ఈ కాలేజీ పుట్టుకలోనే తెలుగు నేలకి వాటా ఉందన్న సంగతి మాత్రం మనవాళ్లలో చాలామందికి పట్టలేదు.

సంగతేమిటంటే, మైకేల్ టాపింగ్ అని ఈస్టిండియా కంపెనీ వారి మెరైన్ సర్వేయరు ఉండేవాడు. ఖగోళశాస్త్రం బాగా తెలిసినవాడు. కోరమాండల్ తీరం, కోరంగి రేవు, కృష్ణా గోదావరుల దిగువ నేలలు అతని సర్వేల్లో ఉన్నాయి. ఆ నదుల నీళ్లు పొలాలకి మళ్లించవచ్చా అన్న ప్రశ్న కాటన్ దొరకి యాభై ఏళ్ల ముందే అతని ముందుకి వచ్చింది. పని కొండంత, చేతికింద కొలత తెలిసిన మనుషులు లేరు. ఇంగ్లండు నుంచి రప్పించాలంటే ఖర్చు. అందుకని 1794 మేలో ఒక సర్వే స్కూలు పెట్టించాడు. మొదటి జట్టులో 8 మంది పిల్లలు. అనాథాశ్రమంలో పెరుగుతున్న కుర్రాళ్లని తీసుకొచ్చి చేర్చారు. గిండీ కాలేజీ వయసు లెక్కపెట్టేది ఆ మే నెల నుంచే. 1796 జనవరిలో టాపింగ్ మచిలీపట్నంలో జ్వరంతో పోయాడు. స్కూలు బాధ్యత అతని సహాయకుడు జాన్ గోల్డింగ్‌హామ్‌ది. ఇప్పటి రాజాజీ హాలు కట్టించినవాడు కూడా ఆయనే.

టాపింగ్ జాడ చెన్నైలో చూడాలంటే గిండీకి పోకండి, నుంగంబాక్కం వెళ్లండి. కాలేజ్ రోడ్డులో వాతావరణ శాఖ ఆవరణలో ఒక నల్లరాతి స్తంభం ఉంది. 1792 నాటి మద్రాసు అబ్జర్వేటరీలో పరికరాన్ని నిలబెట్టిన స్తంభం అది. దాని మీద శాసనం లాటిన్‌తో పాటు తమిళంలోనూ తెలుగులోనూ చెక్కారు. ఆసియాలో గణితశాస్త్రాలు మొదట ఎప్పుడు నాటుకున్నాయో వెయ్యేళ్ల తరవాతి వాళ్లకి తెలియాలన్నది దాని తాత్పర్యం. అంతకుముందు ఇక్కడ గణితమే లేదన్నట్టు! దొరల గొప్ప దొరలది. ఆ శాసనంలో తెలుగు ఉన్నందుకు మనం సంతోషించొచ్చు.

సర్వే స్కూల్లో కుర్రాళ్లు నేర్చుకున్నది రేఖాగణితం, త్రికోణమితి, పటం గీయడం, అన్నిటికంటే ముఖ్యంగా గొలుసు లాగడం. నిన్నమొన్నటి దాకా సివిల్ విద్యార్థి రెండో ఏడు ప్రాక్టికల్స్‌లో మొదట చేతబట్టింది కూడా ఈ గొలుసే. దీని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన పొలాల కాగితాలన్నీ దీంట్లోంచి వచ్చినవే.

గంటర్ గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక లింకు 7.92 అంగుళాలు. ఇదేం వంకర లెక్క అనిపిస్తుంది. 66ని 66తో గుణిస్తే 4,356 చదరపు అడుగులు, అలాంటివి పది కలిస్తే 43,560, అంటే సరిగ్గా ఒక ఎకరం. చదరపు గొలుసుకి పది వేల చదరపు లింకులు, ఎకరానికి లక్ష. దాన్ని వందతో భాగిస్తే సెంటు, అంటే వెయ్యి చదరపు లింకులు. కొలతలు లింకుల్లో రాసుకుంటే చాలు, వైశాల్యం కట్టి చుక్క ఐదు స్థానాలు జరిపితే ఎకరాలొచ్చేస్తాయి. పాత ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) పటాల్లో గట్ల మీద అంకెలు అడుగుల్లో ఉన్నాయనుకుని భూమి తగ్గిందని గోల పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అవి లింకులు. 0.66తో గుణించుకుంటే అడుగులవుతాయి. ఇంజనీర్ల గొలుసు వేరు, అది 100 అడుగులు, లింకు ఒక్కో అడుగు. పబ్లిక్ వర్క్స్ శాఖ (పి.డబ్ల్యు.డి.) వాళ్లు వాడింది అది. రెండూ ఒకే స్టోరు గదిలో పక్కపక్కన పడి ఉంటే ఏది తెచ్చారో చూసుకోకుండా పని మొదలెట్టిన బ్యాచీలకి సాయంత్రానికి పటం ఎలా వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

గొలుసుకి ప్రతి పది లింకులకీ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. పదో లింకు దగ్గర ఒక పన్ను, ఇరవైకి రెండు, ముప్పైకి మూడు, నలభైకి నాలుగు, యాభైకి గుండ్రటి బిళ్ల. అటు చివర నుంచి కూడా ఇదే వరస. గొలుసు ఎటునుంచి పట్టుకున్నా పనికొచ్చేలా చేసిన ఏర్పాటు ఇది. చిక్కంతా ఇందులోనే ఉంది. నాలుగు పళ్ల బిళ్ల 40 దగ్గరా ఉంటుంది, 60 దగ్గరా ఉంటుంది. గుండ్రటి బిళ్ల దాటామో లేదో చూడకుండా చదివితే ఇరవై లింకులు గల్లంతు. 70ని 30 అని రాసేసే తప్పు ఇంకా పెద్దది.

తరవాత బాణాలు. గొలుసుతో పాటు పది ఇనప పుల్లలు ఇస్తారు. ముందు నడిచేవాడు ఒక్కో గొలుసు పూర్తికాగానే ఒకటి గుచ్చుతాడు, వెనకవాడు ఏరుకుంటూ వస్తాడు. పదీ వెనకవాడి చేతికి చేరితే పది గొలుసులు అయినట్టు పుస్తకంలో రాసి, పుల్లలు తిరిగి ముందువాడికి ఇవ్వాలి. గడ్డిలో ఒక్క పుల్ల పోయిందా, లెక్కలో నిండు గొలుసు పోయినట్టే. ఈ రకం తప్పు తరవాత ఏ సూత్రంతోనూ దిద్దుబాటుకి రాదు. అందుకే బాణాలకి ఎర్రగుడ్డ పీలిక కట్టమనేవాళ్లు.

ఇక గొలుసు వాడేకొద్దీ సాగుతుంది. లింకుకీ లింకుకీ మధ్య కడియాలు ఒరుసుకుని అరుగుతాయి. వంద లింకుల్లో అలాంటి ఒరిపిడి చోట్లు వందల్లో ఉంటాయి, ఒక్కోచోట వెంట్రుకవాసి అరిగినా మొత్తం అంగుళాల్లో తేలుతుంది. సాగిన గొలుసుతో కొలిస్తే దూరం తక్కువగా వస్తుంది, ఎక్కువగా కాదు. పరీక్షలో సగం మంది తలకిందులు చేసేది దీన్నే. 30 మీటర్ల గొలుసు 6 సెంటీమీటర్లు సాగి ఉంటే, 300 మీటర్లని పుస్తకంలో రాసుకున్నది నిజానికి 300.6. ముళ్లకంపలో లాగి, లింకు వంగి ఉంటే దీనికి సరిగ్గా ఎదురు. కాబట్టి పొద్దున్నే రాతిమీద చెక్కిన గుర్తులతో గొలుసు సరిచూసుకుని బయల్దేరడం, సాయంత్రం వచ్చాక మళ్లీ చూడడం పద్ధతి. సాయంత్రం చూసేవాళ్లు తక్కువ.

కచ్చితమైన కొలతలకి ఎండ కూడా శత్రువే. ఉక్కు టేపు 30 మీటర్లది, తనకి నిర్ణయించిన వేడి కంటే 25 డిగ్రీలు ఎక్కువగా కాగితే దాదాపు 9 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కిలోమీటరుకి 29 సెంటీమీటర్లు. చెన్నై మే నెలలో ఇది ఊహాజనితం కాదు. ఈ విషయం విలియం లాంబ్టన్‌కి బాగా తెలుసు. 1802 ఏప్రిల్ 10న ఆయన భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకి మొదటి ఆధారరేఖ కొలవడం మొదలెట్టింది గిండీకి కూతవేటు దూరంలో, పరంగిమలై పక్కన. రేఖ పొడవు ఏడున్నర మైళ్లు. పట్టిన కాలం 57 రోజులు. గొలుసుని చెక్క పెట్టెల్లో పరిచి, కింద ముక్కాలి పీటలు నిలిపి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి కొలిచారు. హిమాలయాల ఎత్తుల దాకా సాగిన లెక్కకి మొదటి గీత అదే. ఇప్పుడు పరంగిమలైకి మెట్రో రైలు పోతోంది.

సర్వే స్కూల్లో చదివిన కుర్రాళ్లు జిల్లాలకి వెళ్లారు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ నడిపిన మైసూరు సర్వేలో పనిచేసినవాళ్లు వీళ్లే. అదే జట్టులో ఇంకో పక్క ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూరా కైఫీయతులు, శాసనాలు పోగేశారు. గొలుసు పట్టినవాళ్లు నేల కొలిస్తే ఈ అన్నదమ్ములు ఆ నేల చరిత్ర రాయించారు. మన తెలుగువాళ్లకి గ్రామచరిత్రలు దొరికింది ఆ రెండో పని వల్ల.

సర్వే స్కూలు సివిల్ ఇంజనీరింగ్ స్కూలయింది 1858లో, మరుసటి ఏడు కాలేజీ. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట (1847-52) పూర్తయింది, బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్టా పూర్తయింది. కాలవలు తవ్వాలి, లాకులు కట్టాలి, ఏటేటా మరమ్మతులు చూడాలి. మిలటరీ ఇంజనీర్లు గుప్పెడు మందితో ఆ పని నడవదు. పబ్లిక్ వర్క్స్ శాఖకి ఓవర్సీర్లు, సబ్ ఇంజనీర్లు కావలసి వచ్చారు. కాలేజీ పెరిగింది అందుకు.

ఇక్కడ రూర్కీ (ఇప్పటి ఐ.ఐ.టి. రూర్కీ) వాళ్లతో ఒక పాత తగాదా ఉంది, మాదే మొదటి ఇంజనీరింగ్ కాలేజీ అని. రూర్కీ 1847లో కాలేజీగానే మొదలైంది. గిండీ 1794లో సర్వే స్కూలుగా మొదలై, కాలేజీ అయ్యేసరికి 1859 వచ్చింది. సాంకేతిక విద్య ఎక్కడ ముందు అంటే గిండీ, ఇంజనీరింగ్ కాలేజీ ఎక్కడ ముందు అంటే రూర్కీ. ఇంతకు మించి వాదించడానికి ఏమీ లేదు గానీ, రెండు చోట్లా పూర్వ విద్యార్థులు కలిసినప్పుడు వాదన మాత్రం ఆగదు.

డెల్టా కాలవ తవ్వేవాడికి గొలుసు కంటే లెవెల్, అంటే ఎత్తుల తేడా తీసే దుర్భిణి పరికరం, ముఖ్యం. అక్కడ వాలు మైలుకి అంగుళాల లెక్కన ఉంటుంది, రీడింగులో అంగుళం పొరపాటు పడితే నీళ్లు ఎదురు తిరుగుతాయి. గిండీ చదువులో లెవెలింగ్ మీద అంత గురి ఉండడానికి కారణం అదే. పాత రకం డంపీ లెవెల్లో చూస్తే స్టాఫ్ (అంకెలు వేసిన నిలువు కొలకర్ర) తలకిందులుగా కనిపించేది. అంకెలు పైనుంచి కిందికి పెరుగుతున్నట్టు ఉండేవి. కొత్తవాళ్లు కింది నుంచి పైకి చదివి తప్పేవాళ్లు. సాప్‌విత్ స్టాఫ్ 14 అడుగులు, మూడు ముక్కలు ఒకదాంట్లోంచి ఒకటి పైకి లాగాలి. పైముక్క లాగినప్పుడు స్ప్రింగు టక్కున పట్టిందో లేదో వినాలి. పట్టకపోతే అది కిందికి జారి, ఆ ముక్క మీద చదివినవన్నీ ఉండాల్సిన దాని కంటే ఎక్కువ చూపిస్తాయి. స్టాఫ్ ఏ వైపు వాలినా రీడింగు పెరుగుతుందే తప్ప తగ్గదు. 3 మీటర్ల దగ్గర 5 డిగ్రీలు వాలితే 11 మిల్లీమీటర్లు పైనే తేడా. అందుకే స్టాఫ్ పట్టుకున్నవాణ్ణి మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపమని, కనిపించిన వాటిలో అన్నిటికంటే చిన్న అంకె రాసుకోమని నేర్పేవాళ్లు.

ఇంకో నియమం, బ్యాక్‌సైట్ (వెనక పాయింటు మీద చూసే రీడింగు), ఫోర్‌సైట్ (ముందు పాయింటు మీద చూసేది) దూరాలు సమానంగా ఉంచడం. లెవెల్ చూపు కొంచెం పైకి ఎత్తుకుని ఉన్నా, రెండు వైపులా దూరం ఒకటే అయితే తప్పు రెండు వైపులా ఒకేలా పడి తీసివేతలో పోతుంది. భూమి వంపు వల్ల వచ్చేది కూడా అంతే. కిలోమీటరు దూరానికి వంపు, కాంతి వక్రీభవనం కలిసి 6.7 సెంటీమీటర్లు. పరికరంలో దోషం ఉందని అనుమానం వస్తే రెండు మేకుల పరీక్ష. రెండు మేకులు కొట్టి, సరిగ్గా మధ్యలో లెవెల్ నిలిపి ఎత్తుల తేడా తీయాలి. అది నిజమైన తేడా. తరవాత లెవెల్‌ని ఒక మేకు పక్కకి జరిపి మళ్లీ తీయాలి. రెండో తేడా మొదటి దానితో కలవకపోతే లెవెల్ సరిచేయాల్సిందే.

లెక్క రాసే పద్ధతులు రెండు. పరికరం ఎత్తు పట్టుకుని వేసేది తొందరగా అయిపోతుంది. రైజ్ అండ్ ఫాల్, అంటే ఒక్కో పాయింటు ముందుదాని కంటే ఎంత ఎక్కిందో దిగిందో రాసేది, నెమ్మది, కాని మధ్యలో తీసిన రీడింగులు కూడా సరిపోల్చుకోవచ్చు. మొదటి పద్ధతిలో బ్యాక్‌సైట్ల మొత్తంలోంచి ఫోర్‌సైట్ల మొత్తం తీసి, చివరి పాయింటు ఎత్తుకీ మొదటి పాయింటు ఎత్తుకీ తేడాతో సరిపోయిందని మురిసిపోతే, మధ్య పాయింట్లలో తప్పు హాయిగా దాక్కుంటుంది. కాలవ పనులకి రైజ్ అండ్ ఫాల్ మాత్రమే వాడాలన్న పాత మాస్టార్ల పట్టుదల చాదస్తం కాదనే చెప్పాలి.

చేపాక్ నుంచి గిండీకి వచ్చేనాటికి కాలేజీలో సివిల్, మెకానికల్ ఉన్నాయి. మెకానికల్ వచ్చింది 1894లో. ఎలక్ట్రికల్ 1930లో. టెలికమ్యూనికేషన్, హైవే ఇంజనీరింగ్ 1945లో. ఇంటర్మీడియట్ అయ్యాక నాలుగేళ్ల బి.ఇ., తరవాత కొన్నాళ్లు పి.యు.సి. (ప్రీ యూనివర్సిటీ కోర్సు) మీద ఐదేళ్లు, ప్లస్ టూ వచ్చాక మళ్లీ నాలుగేళ్లు. మూడు తరాల వాళ్లు ఒకచోట కూర్చుంటే ఎవరు ఎన్నేళ్లు చదివారన్న దగ్గరే అయోమయం మొదలవుతుంది.

డ్రాయింగ్ హాలు అందరికీ ఉమ్మడి. టి స్క్వేరు, సెట్ స్క్వేర్లు, 2హెచ్ పెన్సిల్. మినీ డ్రాఫ్టర్ వచ్చాక టి స్క్వేరు పోయింది. అసలు పరీక్ష ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకు వేయడం. గంజి పట్టించి మెరుగుపెట్టిన పల్చటి బట్ట అది. దాని మీద నూనె జిడ్డు ఉంటే ఇంకు పట్టదు, ముందుగా ఫ్రెంచ్ చాక్ పొడి రుద్ది దులపాలి. ఒక్క చెమట చుక్క పడితే గంజి కరిగి అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది, ఇక అది పోదు. మద్రాసు చెమటలో ఇది మామూలు గండం కాదు. అరచేతి కింద కాగితం ముక్క పెట్టుకోకుండా ఇంకు వేసినవాడు లేడు. రూలింగ్ పెన్నులో ఇంకు ఎక్కువ నింపితే గీత మొదట్లోనే బొట్టు. తక్కువైతే సగంలో ఆగుతుంది, మళ్లీ మొదలెట్టిన చోట కణుపు తేలుతుంది. ముందు వంపు గీతలు వేసి తరవాత తిన్నటి గీతలు కలపాలన్న నియమం దేనికో మొదటిసారి తలకిందులుగా చేసినవాడికి బాగా తెలుస్తుంది. తిన్నటి గీతకి వంపుని సరిగ్గా తాకించడం చాలా కష్టం.

బ్లూ ప్రింటు తీయడం ఎండలో పని. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ పూసిన కాగితం మీద ట్రేసింగ్ పరిచి, అద్దం చట్రంలో బిగించి ఎండకి చూపాలి. వెలుతురు తగిలిన చోట నీలి రంగు కాగితానికి అంటుకుంటుంది, ఇంకు గీత నీడలో ఉన్న రసాయనం నీళ్లలో కడిగితే పోతుంది, తెల్లటి గీత మిగులుతుంది. అద్దం సరిగ్గా అదమకపోతే గీతలు అలుక్కుపోతాయి.

వర్క్‌షాపు గురించి ఒక్క మాట. ఫిట్టింగులో మార్కింగు గీత మీదే రంపం పెట్టి కోసినవాడి పని అక్కడితో సరి, ఆకురాయి పట్టడానికి ఇనుము మిగలదు. గీతకి బయట మిల్లీమీటరు వదలాలి. మూలమట్టం ఆనించి వెలుతురుకి ఎత్తి చూస్తే సందులోంచి కాంతి తొంగి చూడకూడదు. కంప్యూటర్ సైన్సు పిల్లలకి ఇదంతా ఎందుకన్న వాదం ఉంది. ఆ వాదంలో కొంత నిజం ఉంది కూడా.

ఇక మనవాళ్లు. కంకిపాడులో 1902లో పుట్టిన కానూరి లక్ష్మణరావు గారు గిండీ విద్యార్థి. మద్రాసు యూనివర్సిటీ నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్న మొదటి మనిషి ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్‌లో పిహెచ్.డి. చేశారు, తరవాత కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ మంత్రి. నాగార్జునసాగర్‌ని కాంక్రీటుతో కాకుండా రాతి కట్టడంగా కట్టడం వెనక ఆయన వాదన ఉంది. సిమెంటుకీ యంత్రాలకీ కరువున్న రోజుల్లో రాయి దగ్గరే దొరుకుతుంది, వేలమందికి పని కూడా దొరుకుతుంది. అంత పెద్ద రాతి డ్యాము ప్రపంచంలో ఇంకోటి లేదని పేరొచ్చింది. పులిచింతల ప్రాజెక్టుకి ఇప్పుడు ఆయన పేరే.

ఆయన్ని అందరూ తలుస్తారు. అయ్యలసోమయాజుల లలిత గారిని తలిచేవాళ్లు ఈమధ్యే పెరిగారు. ఆవిడ 1919లో మద్రాసులో తెలుగింట్లో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, చేతిలో నాలుగు నెలల ఆడపిల్ల శ్యామల. ఆ రోజుల్లో బ్రాహ్మణ కుటుంబంలో అలాంటి పిల్ల గతి ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. సుబ్బారావు గారు కూతుర్ని క్వీన్ మేరీస్‌లో ఇంటర్మీడియట్ చదివించారు. డాక్టరీ చదవొచ్చు గాని, రాత్రీపగలూ డ్యూటీలతో పసిపిల్లని చూసుకోవడం కుదరదు. ఇంజనీరింగ్ అయితే కుదురుతుందని లెక్క. కానీ గిండీలో అప్పటికి అమ్మాయిలు లేరు. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారినీ, విద్యాశాఖ డైరెక్టరు స్టేథమ్‌నీ సుబ్బారావు గారు ఒప్పించారు. 1940లో సీటు వచ్చింది.

వందలమంది మగపిల్లల మధ్య ఒక్క అమ్మాయి. హాస్టల్లో ఒంటరిగా ఉండేది. చదువులో కష్టం లేదు, ఆ ఒంటరితనమే కష్టం. దానికి సుబ్బారావు గారు చేసిన వైద్యం చూడండి: గిండీలో అమ్మాయిల్ని చేర్చుకుంటున్నారని ప్రకటన ఇప్పించారు. కేరళ నుంచి పి.కె. త్రేసియా, లీలమ్మ జార్జ్ వచ్చి సివిల్‌లో చేరారు. వాళ్లు ఒక ఏడు వెనకవాళ్లే అయినా, యుద్ధం కారణంగా కోర్సు కుదించడంతో ముగ్గురూ ఇంచుమించు కలిసే బయటికొచ్చారు. డిగ్రీ పత్రంలో "అతడు" అని అచ్చువేసిన చోట కొట్టేసి "ఆమె" అని చేత్తో రాయాల్సి వచ్చింది. అచ్చులో ఆ అవసరం ఎవరికీ తట్టలేదు మరి.

లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు, సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో పనిచేశారు. కొంతకాలం తండ్రి పరిశోధనలో సాయం చేశారు. ఆయన జెలెక్ట్రోమోనియం అని విద్యుత్తుతో పలికే వాయిద్యం ఒకటి తయారుచేశారు, పొగరాని పొయ్యి కూడా. తరవాత కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు వేశారు. భాక్రా నంగల్ డ్యాము జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు. 1979లో కన్నుమూశారు.

తెలుగు జిల్లాల పిల్లలందరూ మద్రాసు రావాల్సిన పరిస్థితి 1946లో మారింది. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు, తరవాత అది కాకినాడకి వెళ్లింది. అనంతపురం కాలేజీ అయితే అదే ఏడు గిండీ ఆవరణలోనే మొదలై, 1948లో అనంతపురం చేరింది. ఈ రెండూ ఇప్పుడు కాకినాడ, అనంతపురం జె.ఎన్.టి.యు.లు. అంటే అనంతపురం వాళ్ల తొలి తరగతుల చిరునామా మద్రాసు. ఆ తరవాత మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయింది, గిండీ హాస్టల్లో తెలుగు సందడి తగ్గింది.

ఆవరణ చుట్టూ ఇంకా కొన్ని సంస్థలు పుట్టుకొచ్చాయి. అళగప్ప చెట్టియార్ విరాళంతో 1944లో టెక్నాలజీ కాలేజీ వచ్చింది. 1949లో సి. రాజం క్రోంపేటలో మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.) పెట్టారు, కలామ్ గారు ఏరోనాటిక్స్ చదివింది అక్కడే. లెదర్ టెక్నాలజీ విద్యార్థులు రోడ్డు దాటి కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ సి.ఎల్.ఆర్.ఐ.లో క్లాసులకి వెళ్లేవాళ్లు. ఆ సంస్థకి చాలాకాలం డైరెక్టరు మన తెనాలి దగ్గరి యలవర్రు వాడు యలవర్తి నాయుడమ్మ గారు. తోళ్ల వాసన వచ్చే చదువని ముఖం చిట్లించేవాళ్లని ఆయన చాలావరకు మార్చారు.

1978 సెప్టెంబరు 4న గిండీ, అళగప్ప, ఎం.ఐ.టి., మద్రాసు యూనివర్సిటీ సాంకేతిక విభాగాలు కలిపి పేరరిజ్ఞర్ అన్నా సాంకేతిక విశ్వవిద్యాలయం చేశారు. 1982లో పేరు కుదించి అన్నా యూనివర్సిటీ. 2001లో రాష్ట్రంలోని ఇంజనీరింగ్ కాలేజీలన్నీ దీని కిందికి వచ్చాయి. మధ్యలో దాన్ని ప్రాంతాలవారీగా ముక్కలు చేసి, 2012లో మళ్లీ ఒకటి చేశారు. అప్పట్నుంచీ పెళ్లిచూపుల్లో ఒక చిక్కు: "అబ్బాయి అన్నా యూనివర్సిటీ అండీ" అంటారు. డిగ్రీ మీద ఆ పేరే ఉంటుంది, చదివింది తిరుత్తణి అవతల ఏదో ప్రైవేటు కాలేజీ కావచ్చు. ఏ క్యాంపస్ అని అడగాలి. గిండీ, అళగప్ప, ఆర్కిటెక్చర్ స్కూలు, ఎం.ఐ.టి. నాలుగే యూనివర్సిటీ సొంతవి అనుకోండి, చెన్నై వరకు. మార్కుల పద్ధతి కూడా ఏళ్లవారీగా మారుతుంది. 2008 నియమావళి వాళ్లకి 91 నుంచి పైన ఎస్ గ్రేడు, తప్పితే యు. తరవాతి వాళ్లకి ఓ, ఎ ప్లస్ వగైరా. పాత, కొత్త సర్టిఫికెట్లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఏ నియమావళో ముందు చూడాలి.

యూనివర్సిటీ గొప్పల్లో అనుశాట్‌ది మాత్రం నిజమైన గొప్ప. ఎం.ఐ.టి. క్యాంపస్‌లో రూపుదిద్దుకున్న 40 కిలోల ఉపగ్రహం అది. 2009 ఏప్రిల్ 20న పి.ఎస్.ఎల్.వి. సి12 మీద శ్రీహరికోట నుంచి వెళ్లింది. సందేశాన్ని అందుకుని నిల్వ చేసుకుని, ఇంకోచోటి మీదుగా పోతున్నప్పుడు కిందికి దించడం దాని పని. దేశంలో ఒక యూనివర్సిటీ తయారుచేసిన మొదటి ఉపగ్రహం.

చెన్నైలో ఉన్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు పిల్లల్ని గిండీలో చేర్పించాలంటే తెలుసుకోవాల్సింది కటాఫ్ లెక్క. ప్లస్ టూ మార్కుల్లో లెక్కలు 100కి, ఫిజిక్స్ 50కి, కెమిస్ట్రీ 50కి కుదించి, మొత్తం 200. ఒకప్పుడు ఎంట్రన్స్ 100 కూడా కలిపి 300కి చూసేవాళ్లు, 2007 నుంచి ఎంట్రన్స్ లేదు. మార్కులు సమానమైతే ముందు లెక్కలు చూస్తారు. అందుకే గిండీ కంప్యూటర్ సైన్సు మీద ఆశ ఉన్నవాళ్లకి లెక్కల్లో ఒక్క మార్కు పోయినా బాధే. రెండోది, ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులోనే చదివి ఉంటే నేటివిటీ సర్టిఫికెట్ అడగరు. కానీ కుటుంబం ఆంధ్రా, తెలంగాణల నుంచి వచ్చినదైతే, అక్కడ బి.సి. అయినా ఎస్.సి. అయినా ఇక్కడ ఓపెన్ కోటాలోనే పోటీ పడాలి. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి తమిళనాడు కుల ధ్రువపత్రం ఉంటుంది. సొంత రాష్ట్రంలో ఊళ్లో తహసీల్దారు ఇచ్చిన పత్రంతో కౌన్సెలింగ్‌కి దరఖాస్తు పెట్టి, తీరా వర్గం మారిపోయి కంగారు పడేవాళ్లు ఏటా కనిపిస్తారు. ప్లస్ వన్‌లో ఉండగానే ఈ కాగితం పని చూసుకోవాలి.